పద్నాలుగో కాలమ్

వెయ్యీ నూట నాలుగు. వెయ్యీ నూట ఆరు. నల్లటి తెర మీద అంకెలు రెండేసి చొప్పున పెరుగుతుంటే రుఖియా వాటికేసి చూస్తూ కూర్చుంది. చూడాల్సిన పని లేదు. ఆ పని నడిపే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు, ఆమె రాసిందే. ఆమె చూసినా చూడకున్నా అది భూపేష్ సారు ఇచ్చిన, కామాలతో గళ్ళు విడదీసిన సీఎస్వీ ఫైల్లోంచి ఒక్కో మనిషి వరుసను తీసుకొని, ఎక్కడో హైదరాబాదులో ఉన్న డేటాబేసులో అదే మనిషిని వెతికి, పాతదాని మీద కొత్తది రాసేసి, తర్వాతి మనిషి దగ్గరికి పోతుంది. సెకనుకు ఇద్దరు. మొత్తం ఆరువేల మూడువందల పన్నెండు మంది, రాళ్ళ ఫ్యాక్టరీల దగ్గర పెట్టిన ఎక్స్‌రే క్యాంపులకు వచ్చినవాళ్ళు. యాభై మూడు నిమిషాలు. కల్లూరులో ఈ మేడ మీద నెట్టు ఇంతకంటే ఉరకదు. కింద హార్డ్‌వేరు షాపోడు వెల్డింగు పెట్టినప్పుడల్లా కరెంటు కళ్ళు మూసి తెరుస్తుంది, కూలర్ ఒకసారి దగ్గి మళ్ళీ తిరుగుతుంది, ఆ కూలర్లో నీళ్ళు అయిపోయి రెండు రోజులైంది, అది తోలేది గాలి కాదు, బయట మే నెల ఎండనే కాస్త మడిచి లోపలికి తోస్తోంది. ఆ క్యాంపుల కాంట్రాక్టు సారుదే, సారు గదిలో ఏసీ ఉంది. సారు లేకపోయినా అది ఆడుతూనే ఉంది. తలుపు కింద నుంచి వచ్చే ఆ చల్లని గీత ఆమె చెప్పుల దాకా వచ్చి ఆగిపోతుంది. రెండేళ్ళుగా ఆ గీత అక్కడే ఆగుతోంది.

వెయ్యీ రెండువందల నలభై. మెడ వెనక ఇంకా అతని సెంటు వాసన ఉన్నట్టే ఉంది. ఆ మనిషి ఎప్పుడూ కుర్చీ వెనక నిలబడతాడు, ముందర నిలబడడు, కుర్చీ వీపు మీద చెయ్యి వేస్తాడు, ఆమెకు తగలకుండా, తగిలిందని ఎవరూ అనలేనంత దూరంలో. మా రుఖియా శానా షార్పు, అంటాడు వచ్చినోళ్ళతో, కొత్త ఫోను చూపించినట్టు. ఇందాక పెన్‌డ్రైవు తెచ్చి బల్ల మీద పెట్టి, ఇరవై రోజుల కింద నువ్విచ్చిన ఫైలే ఇది, క్యాంపు డాక్టరమ్మ మళ్ళీ చూసి సరిచేసింది, పాతదాని మీద ఎక్కించి నాలుగు లోపల హెల్త్ డిపార్టుమెంటుకు పంపెయ్, అన్నాడు. ఆమె స్క్రిప్టు ఎక్కించే ముందొకసారి ఫైలంతా తడిమి చూస్తుంది, అది ఆమె పెట్టుకున్న అలవాటు. తడిమి, ఫోను నంబర్లు తేడాగా ఉన్నాయని చెప్పింది. ఒకరివి ఇద్దరివి కాదు, అందరివీ. ఆరువేల మందికీ ఒకే తీరు, తొమ్మిది చుక్క ఒకటి తొమ్మిది ఈ ప్లస్ పదకొండు లాంటివి. ఆమెకు చూడగానే తెలిసిపోయింది. ఫైలును ఎవరో ఎక్సెల్లో తెరిచారు. తొంభై ఒకటితో మొదలయ్యే పన్నెండు అంకెల నంబరు చూస్తే ఎక్సెల్ అది ఫోను నంబరు అనుకోదు, పెద్ద లెక్క అనుకొని కుదించేస్తుంది, అట్లే సేవ్ చేస్తే అసలు అంకెలు ఇక దొరకవు. డాక్టరమ్మ ఎక్సెల్ తెరిచే మనిషి కాదు. ఆమె కాగితం మీద రాస్తుంది, సంతకం పెడుతుంది, మళ్ళీ చూడాలంటే మళ్ళీ కాగితం అడుగుతుంది. ఎవరూ కాగితాలు అడగలేదు. ఆ కాగితాలుండే బీరువా తాళం చెవి రుఖియా డ్రాయరులోనే ఉంది, ఇరవై రోజులుగా కదల్లేదు.

"సార్, ఫోన్లన్నీ పోయినాయి. దీన్ని ఎవరో తెరిచి సేవ్ చేసినట్టుండారు."

"ఫోన్ల కాలమ్ వదిలెయ్‌మ్మా. మిగతాది ఎక్కించు. నేను రాజ్‌విహార్ దాకా పొయ్యొస్తా, వచ్చేతలికి అయిపోవాల."

ఎక్కించింది. సరే సార్ అని, వదిలెయ్యమన్న కాలమ్ వదిలేసి, ఎంటర్ నొక్కింది. రెండు నలభైకి. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు తగ్గేదాకా ఊరికే కూర్చుంది. ఎందుకు కూర్చుందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది, ఆ చప్పుడు పూర్తిగా పోయినాక తాను చేయబోయే పని ఏదో ఉందని చేతులకు ముందే తెలిసింది.

వెయ్యీ తొమ్మిదివందలు. ఈ ఉద్యోగం మామూ పెట్టిన భిక్ష అంటుంది అమ్మీ చాంద్ బేగం. భిక్ష అనే మాట రుఖియాకు గిట్టదు. రబ్బానీ మామూ అమ్మీకి తమ్ముడు, బేతంచెర్ల రోడ్డులో నాపరాళ్ళు పాలిష్ పట్టే పనిలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు, ఊళ్ళో నట్టింట పరిచే నల్లబండ నున్నగా మెరుస్తుందే, ఆ మెరుపు తెచ్చే పని. ఆమె చిన్నప్పుడు సాయంత్రం ఆయన ఇంటికి వస్తే కనురెప్పల వెంట్రుకలు తెల్లగా ఉండేవి, ముసలోడైపోయినట్టు. మొహం కడిగితే మళ్ళీ పడుచువాడు. అది చూడ్డానికి పిల్లలంతా బోరింగు దగ్గర చేరేవాళ్ళు. మామూ మొహం కడుక్కుంటుంటే నవ్వేవాళ్ళు. తనూ నవ్వింది. ఆ తెలుపు రెప్పల మీద నుంచి కడిగితే పోయింది గానీ లోపలికి పోయింది పోలేదని అప్పుడు ఎవరు చెప్పారు. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు, ఆ సంగతి ఫ్యాక్టరీ పెట్టినోనికీ తెలుసు, కానీ ట్యాంకరు పిలవాల, మోటరు ఆడాల, రాయి ఆరాల, అంతసేపు లారీ నిలబడాల. పొడిగా కోస్తే పని జోరు. ముక్కుకు టువ్వాల చుట్టుకొమ్మంటారు. టువ్వాలే ఆ రాళ్ళపొడిని ఆపేటట్టయితే టువ్వాలతో డ్యామే కట్టుకోవచ్చు. ఆ మామూనే ఆమెను కంప్యూటరు కోర్సులో చేర్పించాడు, కొండారెడ్డి బురుజు దగ్గర మేడ మీది సెంటరుకు సైకిలు మీద తీసుకుపోయి, గడపలో చెప్పులు విడిచి, మా పాపకు లెక్కలు బాగా వస్తాయి సార్ అని చెప్పి, బయటికొచ్చి దగ్గాడు. సెంటరు మెట్ల మీద నిలబడి ఆయన దగ్గు అయ్యేదాకా ఆమె ఆగింది. పదమూడేళ్ళ కింద. అప్పటికే మొదలైందన్నమాట. అప్పుడే ఎక్స్‌రే తీసి ఉంటే, అనుకుంటే ఏం లాభం, అప్పుడు ఏ క్యాంపూ లేదు, ఇప్పుడున్న క్యాంపు కూడా ఎవరి పుణ్యమని.

రెండువేల మూడువందలు. రెండో విండో తెరిచింది. ఆమెకున్న ఇంకో అలవాటు, దేన్ని ఎక్కించే ముందయినా ఉన్నదాన్ని మొత్తం సీఎస్వీగా ఎక్స్‌పోర్ట్ చేసి తేదీ పేరుతో దాచుకోవడం. ఎవరూ చెప్పలేదు, ఒకసారి దెబ్బ తిని నేర్చుకుంది. అందువల్ల ఇరవై రోజుల కిందటి ఫైలు ఆమె దగ్గర అచ్చంగా ఉంది. ఫోన్లు తీసేసి, పాత ఫైలుకూ సారు ఫైలుకూ తేడా చూపమని నాలుగు వరుసల స్క్రిప్టు రాసింది. దానికి నెట్టు అక్కర్లేదు. కళ్ళార్పేలోపల అయిపోయింది. మూడువందల యాభై అయిదు తేడాలు. అన్నీ ఒకే చోట. పేర్లు మారలేదు, వయసులు మారలేదు, ఊర్లు, ఫ్యాక్టరీలు, ఎన్నేళ్ళుగా పని చేస్తున్నదీ, ఏదీ మారలేదు. పదమూడు కామాలు దాటినాక వచ్చే పద్నాలుగో కాలమ్ ఒక్కటే మారింది. ఆ కాలమ్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఎన్ అంటే ఏం లేదు. టీ అంటే టీబీ. ఎస్ అంటే సిలికోసిస్, జనం దుమ్ము జబ్బు అనేది. మూడువందల యాభై అయిదు ఎస్‌లు టీలు అయినాయి. అంతే. ఒక్కో మనిషికి ఒక్క అక్షరం.

ఆమె ఒళ్ళు మండింది అని చెప్పడం చాలదు. మొదట వచ్చింది కోపం కూడా కాదు, ఆ పనిలో ఉన్న నిర్లక్ష్యం మీద అసహ్యం. వెతుకు, మార్చు, అన్నీ మార్చు. మూడు మీటలు నొక్కి ఉంటాడు. ఏసీ గదిలో, టీ తాగుతూ. క్యాంపుల్లో ఆ ఒక్కో అక్షరం రావడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలుసు, ఫ్యాక్టరీ గేటు బయట షామియానా కింద డాక్టర్ అంజలి ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకొని చూసేది, ఒక్కో దానికి రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, ఎదురుగా మనిషి నిలబడి ఆమె మొహం చూస్తూ ఉండేవాడు, ఆమె మొహంలో ఏమీ కనిపించేది కాదు, చల్లని మనిషి, ఎవరితోనూ ఒక మంచి మాట ఉండదు, రుఖియా ఒకసారి ఈరన్నను వీరన్న అని టైపు కొడితే పదిమంది ముందర, నీకు చెవులు లేవా అంది. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు. కానీ ఆ డాక్టరమ్మ రాసిన అక్షరానికి ఒక బరువు ఉంది, ఆమె పెన్ను కాగితం మీద ఆగేది, మళ్ళీ ఎక్స్‌రే చూశాకే అక్షరం పడేది. ఎస్. ఆ మనిషి ఏంటిదమ్మా అని అడిగేవాడు. ఊపిరితిత్తుల్లో రాయి దుమ్ము ఉంది, ఈ పని మానుకో, అని చెప్పేది. మానుకొని ఏం తినాల అని కొందరు అడిగారు, డాక్టరమ్మ తర్వాతి ఎక్స్‌రే అందుకునేది. అయినా నిజం చెప్పింది. ఎస్ ఉంటే ఆ ఫ్యాక్టరీని తనిఖీ చేస్తారు, నీళ్ళు పోసి కోయమంటారు, జబ్బు పని వల్లే వచ్చిందని లెక్క. టీ ఉంటే ఎవరి తప్పూ కాదు, గాలిలో వచ్చింది, మాత్రలు మింగు.

మూడువేల యాభై. పేర్లు చదువుతూ పోయింది. పెద్ద ఈరన్న, పద్దెనిమిదేళ్ళ పని. మహానంది, ఎక్స్‌రేకు చొక్కా విప్పమంటే సిగ్గుపడి నవ్వినాయన, పక్కటెముకలు లెక్కబెట్టొచ్చు. ఫిరోజా, ముప్పై నాలుగేళ్ళు, రాళ్ళు మోసి పేర్చే పని, దుమ్ములోనే పిల్లకు పాలిచ్చేదాన్నని చెప్పింది, పిల్లకు కూడా వస్తుందా అని అడిగింది. వరుస వరుసకూ ఒక మొహం లేస్తోంది, లేవొద్దని అనుకున్నా లేస్తోంది. ఇక చూడాల్సింది ఒక్కటే, చూడకుండా ఇంతసేపు వాయిదా వేసింది. వెతికే చోట రబ్బానీ అని టైపు కొట్టింది, టీ అని కనిపిస్తే ఏం చేయాలో ఆ క్షణానికి ఆమె మనసులో తయారుగా ఉంది, కూర్చున్న కుర్చీ ఎత్తి సారు గది అద్దాల తలుపు మీదికి విసరడం లాంటిది. వరుస వచ్చింది. షేక్ రబ్బానీ, నలభై ఆరు, కల్లూరు. పద్నాలుగో కాలమ్‌లో ఎస్.

మారలేదు. మళ్ళీ చూసింది. మారలేదు. పాత ఫైల్లో మూడువందల అరవై ఆరు ఎస్‌లు ఉండేవి, కొత్తదాంట్లో పదకొండు మిగిలాయి. ఆ పదకొండు ఎవరో తీసి చూసింది. పదిమంది మూతపడిన ఫ్యాక్టరీల వాళ్ళు, యజమానులే లేరు, వాళ్ళ ఎస్ ఉన్నా లేకున్నా ఎవరికీ నష్టం లేదు, జాబితా నమ్మేటట్టు కనపడ్డానికి కొన్ని ఉండాలి కదా. పదకొండోవాడు మామూ. మామూ పని చేసేది భూపేష్ బావమరిది ఫ్యాక్టరీలో. ఆ ఫ్యాక్టరీలో ఎస్ పడినవాళ్ళు నలభై రెండు మంది ఉంటే నలభై ఒక్కమంది టీ అయినారు. ఒక్కణ్ణి ముట్టుకోలేదు. పోయిన వారం నీళ్ళ క్యాను దగ్గర సారు అన్న మాట అప్పుడు అర్థం కాలేదు. మీ మామ సంగతి నేను చూసుకుంటాలేమ్మా, నువ్వేం మనసులో పెట్టుకోవాకు. ఏం పెట్టుకోవద్దంటున్నాడో తెలియక సరే సార్ అంది. సరే సార్ అనింది తను. అంటే ఆమె తేడాలు చూస్తుందని అతనికి తెలుసు. చూసి, మామూ పేరు భద్రంగా ఉండడం చూసి, గమ్మున ఉంటుందని కూడా తెలుసు. ఆమెకు ముందే వెల కట్టి, ఆ వెలను ఫైల్లోనే పెట్టి పంపాడు. మామూ పేరు కూడా మార్చి ఉంటే ఇంత ద్వేషం వచ్చేది కాదు. కొట్టినవాణ్ణి తిట్టుకోవచ్చు. ఈ మనిషి తనను తన పక్క మనిషిగా లెక్కేసుకున్నాడు.

మూడువేల తొమ్మిదివందలు. కరెంటు ఒకసారి కన్ను కొట్టింది, అంకెలు ఆగి, మళ్ళీ కదిలాయి. ఆగిపోయుంటే బాగుండు అని ఆమె అనుకుంది, కరెంటు పోయింది సార్ అని చెప్పి బతికిపోవచ్చు, తర్వాత ఆ అనుకున్నదానికే సిగ్గుపడింది. ఈ ఇంపోర్ట్ చివర స్క్రిప్టు ఒక ప్రశ్న అడుగుతుంది. ఆరువేల వరుసలూ రాసినా సరే, అవి ఖాయం కావు, పెన్సిలుతో రాసినట్టే. ఖాయం చేయాలా, అవును, కాదు, అని అడిగి ఆగుతుంది. అవును అంటేనే సిరా. కాదంటే ఏదీ జరగనట్టు అంతా పాతదే. ఆ ప్రశ్న కూడా ఆమె పెట్టిందే. మార్చి నెలలో అది లేదు.

మార్చి దగ్గరికి పోవద్దనుకుంది గానీ మనసు పోయింది. మార్చి తొమ్మిదో తేదీ. ఆలూరు వైపు క్యాంపు, ఇక్కడ పని చేసి జబ్బుపడి ఊరికి పోయి మంచం పట్టినవాళ్ళ కోసం పెట్టింది. ఎనిమిదివందల నలభై మంది. అప్పుడు కూడా ఇట్లే పెన్‌డ్రైవు తెచ్చాడు, సరిచేసిన ఫైలు అన్నాడు. అప్పుడు ఫోన్లు పది అంకెలే, ఎక్సెల్ వాటిని ఏమీ చేయలేదు, స్క్రిప్టుకు ఏ తేడా దొరకలేదు. ఎనిమిదివందల నలభై వచ్చాయా, ఎక్కాయా, అంతే చూసింది. ఏడు నిమిషాల్లో అయిపోయింది. తప్పు ఒక్కటి కూడా లేదని ఆ రోజు ఆమెకు ఎంత గర్వం, ఇంటికి పోతూ షేర్ ఆటోలో నవ్వుకుంది కూడా. ఇప్పుడు మార్చి నాటి పాత ఫైలు తీసి, డేటాబేసు టేబుల్లో ఉన్నదానితో తేడా చూసింది. యాభై ఏడు. పద్నాలుగో కాలమ్. ఇంకేదీ కాదు.

యాభై ఏడులో ముప్పై మూడో పేరు శాంతయ్య. పోయిన నెల ఆయన ఆలూరు నుంచి రెండు బస్సులు మారి ఈ మేడ ఎక్కి వచ్చాడు, ఒక్కో మెట్టుకూ ఆగి. వచ్చి ఈ బల్ల ముందరే కూర్చున్నాడు, మాట్లాడాలంటే ముందు ఊపిరి రావాల కదా. టీబీ అన్నారమ్మా, మాత్రలిచ్చినారు, రోజూ మింగుతాండా, దగ్గు అట్లే ఉండాది, అన్నాడు. దానికి కాదు తాను వచ్చింది. టీబీ అని తెలిసినాక ఇంట్లో పళ్ళెం వేరు చేసినారు, చెంబు వేరు చేసినారు, మంచం గొడ్ల కొట్టంలో వేసినారు, మనవరాల్ని దగ్గరికి రానీడం లేదు, పాప వాకిట్లో నిలబడి తాతా అని పిలుస్తాది, నేను పోలేను, అని చెప్పి, క్యాంపులో ఆ డాక్టరమ్మ నాది ఎవరికీ అంటదు అని చెప్పింది కదమ్మా, అంటేది కాదు అంది, నాకు బాగా గుర్తుండాది, ఒకసారి చూసి చెప్పు, అన్నాడు. రుఖియా చూసింది. కంప్యూటర్లో చూసింది. బీరువాలో కాగితం చూడాలని తోచలేదు. టీబీనే అని ఉంది పెద్దాయనా, అని చెప్పింది. నువ్వే పొరబడినట్టుండావు, అని కూడా చెప్పింది. ఆయన లేచి, దండం పెట్టి, మెట్లు దిగిపోయాడు. దిగేటప్పుడు కూడా ఆగుతూనే దిగాడు. ఆ చప్పుడు వినపడుతున్నా ఆమె తన పని చేసుకుంది.

నాలుగువేల ఎనిమిదివందలు. భూపేష్ మీద ఉన్న మంట అంతా తిరిగి తన మీదికే వచ్చింది, రాగానే దాన్ని మళ్ళీ అతని మీదికే తోసింది, అది ఒక చోట నిలవలేదు. ఆరునెలలకొకసారి కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకునే ఉద్యోగం ఇది, అవును అని నొక్కితే ఎవరికి తెలుస్తుంది, పైన రాసింది సారు, తాను ఎక్కించే మనిషి మాత్రమే, గిన్నె అందించినట్టు. కాదని నొక్కితే పొద్దున మామూను ఫ్యాక్టరీ గేటు బయట నిలబెడతారు. అమ్మీ ఏమంటుందో తెలుసు. మన పేరు బాగుంది కదా, ఊరి బాగోగులు నీకెందుకు బేటీ, అంటుంది. మామూ ఏమంటాడు. మామూ బహుశా ఏమీ అనడు, దగ్గుతాడు, ఆ దగ్గులో తిట్టు ఉందో మెచ్చుకోలు ఉందో ఎప్పటికీ తెలియదు. నిజానికి ఆ మూడువందల యాభై అయిదు మంది మీద కూడా ఆమెకు చిరాకు వచ్చింది, వీళ్ళెవరూ తనను అడగలేదు, వీళ్ళలో ఒక్కరు కూడా రేపు వచ్చి నిలబడరు, ఫ్యాక్టరీ మూతపడితే తననే తిడతారు. తిట్టనీ. వాళ్ళు మంచివాళ్ళని కాదు తాను చేయాల్సింది. శాంతయ్యతో నువ్వే పొరబడ్డావు అన్న నోరు తనది. ఆ మాట ఏ ఫైల్లోనూ లేదు, దాన్ని వెనక్కి తీసే స్క్రిప్టు లేదు.

అయిదువేల తొమ్మిదివందలు. ఆరువేలు. కింద షేర్ ఆటోవాడు కర్నూలు కర్నూలు అని అరుస్తున్నాడు. ఆరువేల మూడువందల పన్నెండు. అంకె ఆగిపోయింది. తెర మీద ప్రశ్న వచ్చి, దాని పక్కన చిన్న గీత వెలుగుతూ ఆరుతూ నిలబడింది. మూడు ముప్పై నాలుగు.

కాదు, అని నొక్కింది.

యాభై మూడు నిమిషాలు రాసిందంతా ఒక్క సెకనులో లేకుండా పోయింది. ఆ తర్వాత ఆమె చేతులు ఆగలేదు. బీరువా తీసి ఆలూరు కాగితాల కట్ట దించి, యాభై ఏడుగురి కాగితాలూ ఏరి, డాక్టరమ్మ చేతిరాతతో ఒక్కొక్క అక్షరమూ సరిచూసింది. అందరివీ ఎస్. ఒక్కటి కూడా అనుమానం లేదు. మార్చి నాటి ఫైల్లోంచి ఆ యాభై ఏడు వరుసలూ ఎక్కించింది, అరనిమిషం పట్టింది, ఈసారి ప్రశ్నకు అవును అంది. మొత్తం టేబులును, ఏడువేల నూట యాభై రెండు మందిని, ఎక్స్‌పోర్ట్ చేసింది. ప్రతి నెలా పంపే డిపార్టుమెంటు మెయిలుకే పంపింది. కింద కాపీ అని డాక్టర్ అంజలి పేరు కూడా చేర్చి, పోయిన మార్చి జాబితాలో యాభై ఏడు తప్పులు ఉన్నాయి, ఇది సరైనది, అని ఒక్క వాక్యం రాసింది. మూడు యాభై ఒకటి. దాహంగా ఉందని అప్పుడు తెలిసింది.

నాలుగు దాటినాక భూపేష్ వచ్చాడు. చేతిలో చల్లని మజ్జిగ ప్యాకెట్లు రెండు. ఒకటి ఆమె బల్ల మీద పెట్టాడు.

"అయిందామ్మా?"

"అయింది సార్. పంపేసినా."

"గుడ్. చెప్పినా కదా, మా రుఖియా ఉంటే..."

"మీరిచ్చింది కాదు. పాతది పంపినా. డాక్టరమ్మ రాసింది. మార్చిది కూడా సరిచేసి పంపినా."

అతను కుర్చీ వెనకకు రాలేదు. మొదటిసారి బల్లకు అవతల, ఎదురుగా నిలబడ్డాడు. కోప్పడతాడని ఆమె అనుకుంది. అతని గొంతు మెత్తగానే ఉంది.

"మీ మామ పేరు నేను ముట్టుకోలేదు. చూసుకోలేదా నువ్వు?"

"చూసినా. అందుకే."

"అందుకే అంటే? టీబీ అని ఉంటే మందులన్నా వస్తాయమ్మా. దుమ్ము జబ్బుకు మందే లేదు. ఫ్యాక్టరీలు మూస్తే ఇంతమంది యాడికి పోతారు? ఆలూరుకు పోయి చేను దున్నుకుంటారా, వాన ఉండాదా అక్కడ? నువ్వు పెడతావా కూడు?"

కూడు మాట అతను కావాలనే చివర పెట్టాడు. రుఖియా మజ్జిగ ప్యాకెట్టును వేలితో అతని వైపుకు జరిపింది.

"నాకు తెలీదు సార్. ముసలాయన్ను కొట్టంలో పండబెట్టినారు. అంటుకోని జబ్బుకు."

"రేపు నేనే ఎక్కించి మళ్ళీ పంపిస్తా. నువ్వు పొరపాటు పడినావని రాస్తా. ఎవరి మాట వింటారు?"

అప్పుడు రుఖియా ఫోను మోగింది. తెలియని నంబరు. డాక్టర్ అంజలి గొంతు ఫోనులో ఇంకా చల్లగా ఉంది.

"రుఖియా అంటే నువ్వేనా? క్యాంపులో టైపు చేసే అమ్మాయివి?"

"అవును మేడమ్."

"మార్చిలో పంపిన జాబితా, ఇప్పుడు పంపింది, రెండూ ప్రింటు తీయించి నా ముందర పెట్టుకున్నా. ఈ యాభై ఏడుగురికి నేను టీబీ అని రాయలేదు. నా కాగితాలు ఉన్నాయా?"

"ఉన్నాయి మేడమ్. సరిచూసినా. బీరువా తాళం నా దగ్గరే ఉంది."

"తాళం ఎవరికీ ఇవ్వొద్దు. నేను డిపార్టుమెంటుకు రాస్తా. నా ఒక్కదాని కాగితం చాలదు, నువ్వూ రాయాలి, సంతకం పెట్టి. ఫైలు ఎవరిచ్చారు, ఏం మారింది, ఎప్పుడు మారింది. మార్చిలో ఎవరు ఎక్కించారు అన్నది కూడా."

భూపేష్ ఆమె మొహం చూస్తూ నిలబడ్డాడు.

"మార్చిలో ఎక్కించింది నేనే మేడమ్."

"నేనేం అడిగాను? అదే రాయమంటున్నా." అవతల కాగితం తిప్పిన చప్పుడు. "ఆ యాభై ఏడుగురి పేర్లు, ఊర్లు విడిగా నాకు పంపు. నేనే పిలిపిస్తా. మాత్రలు ఆపమని నువ్వు ఎవరికీ చెప్పొద్దు, నువ్వు డాక్టరువి కావు."

ఫోను పెట్టేసింది. బాగా చేశావని అనలేదు. అంటుందని రుఖియా ఎదురు చూడలేదు గానీ, అనకపోవడం చెవిలో కాసేపు మిగిలింది.

"రాస్తే నీ మెడకే చుట్టుకుంటాది," అన్నాడు భూపేష్. ఇప్పుడు ఆ గొంతు మెత్తగా లేదు. "ఎక్కించింది నువ్వు. లాగిన్ నీది. నా చెయ్యి యాడా లేదు. అర్థమవుతాండాదా?"

"అవుతాండాది."

ప్రింటరులోంచి తెల్ల కాగితం ఒకటి లాగి బల్ల మీద పెట్టుకుంది. టైపు చేయొచ్చు, ఆమెకు టైపు చేయడమే వచ్చు, చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో. అయినా పెన్ను తీసుకుంది. అతను ఎదురుగా నిలబడే ఉన్నాడు, పొమ్మనలేదు, పోలేదు. పైన తేదీ వేసింది. తన పేరు, తండ్రి పేరు, ఊరు. తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పెన్ను కాగితం మీద ఆగింది, సారు పెన్‌డ్రైవు దగ్గర మొదలుపెట్టొచ్చు, ఫోను నంబర్ల దగ్గర మొదలుపెట్టొచ్చు, రెండూ నిజమే. కాసేపటికి ఆమె రాసింది: మార్చి తొమ్మిదో తేదీన ఆలూరు జాబితాను, చదవకుండా, నేనే ఎక్కించినాను.